చిక్కీ బరువు

నవంబర్ 3, ఆదివారం

చిక్కీ ఈ వారం కూడా తినలేదు. తిన్నదని షారోన్‌కు చెప్పాను.

చెప్పక ఏం చేయను. చర్చిలో ఆరాధన అయ్యాక ఆటోలో వచ్చి, మెట్లెక్కి, చెప్పులైనా విప్పకుండా అడిగింది, "డాడీ, చిక్కీ తిన్నదా?" అని. నువ్వు తిన్నావా అని కాదు. పదమూడేళ్ల కూతురు, రెండు వారాలకోసారి తండ్రి ముఖం చూసే కూతురు, గుమ్మంలోనే పాము భోజనం గురించి అడిగింది.

"బుధవారం తిన్నది. ఒక్క పట్టున లాగేసుకుంది" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో నోట్లోంచి.

దాని ముఖం విప్పారింది. ఫోన్ తీసి రాసుకుంది. పన్నెండున్నర నుంచి అయిదింటి దాకా ఉంది. అందులో నాలుగు గంటలు గాజు పెట్టె ముందే. మిగిలిన అరగంట నాది. అందులోనూ సగం హన్నాకు ఫోన్ చేసి "బయల్దేరుతున్నా మమ్మీ" అని చెప్పడానికి పోయింది.

సంఘ పెద్దలు కూర్చుని చేసిన ఏర్పాటు ఇది. తల్లి దగ్గర పదమూడు రోజులు, నా దగ్గర నాలుగున్నర గంటలు. న్యాయంగా పంచామని ప్రార్థన చేసి మరీ వెళ్లారు.

చిక్కీ బరువు 1,212 గ్రాములు. సెప్టెంబర్ 29న, ఆఖరిసారి తిన్న రోజు, 1,240. ఈ పుస్తకంలో అసలు అంకెలే రాస్తాను. ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

నవంబర్ 6, బుధవారం

ఫ్రీజర్‌లోని ఎలుకను తీసి, వెచ్చటి నీళ్లలో పెట్టి, పట్టకారుతో ముక్కు ముందు ఆడించాను. నాలుక రెండుసార్లు బయటపెట్టింది. తల తిప్పుకుని గూట్లోకి పోయింది.

నవంబర్ 8

మళ్లీ పెట్టాను. లేదు.

నవంబర్ 9

మళ్లీ. లేదు.

నవంబర్ 12, మంగళవారం

చలి మొదలైంది, గాలి ఎండిపోయింది. పెట్టెలో తేమ అరవై శాతం ఉండాలి, నలభైకి దిగిపోతోంది. తేమ చాలకపోతే కుబుసం ఒక్కసారిగా ఊడదు, ముక్కలు ముక్కలుగా ఒంటికి అంటుకుపోతుంది. ఇదంతా నాకు షారోన్ నేర్పిన చదువే. దాని పదో పుట్టినరోజుకు బాల్ పైథాన్ కొనిచ్చాను. విషం లేదు, భయపడితే కొరకడం కూడా తెలియదు, బంతిలా చుట్టుకుపోతుంది. బెల్లంలో పల్లీలు కనిపించినట్టు ఒంటి మీద మచ్చలున్నాయని చిక్కీ అని పేరు పెట్టింది. హన్నా ఇల్లు వదిలి బోరబండలో తన తల్లి దగ్గరికి వెళ్లినప్పుడు పిల్లను తీసుకెళ్లింది, మిక్సీ తీసుకెళ్లింది, పామును మాత్రం తీసుకెళ్లలేకపోయింది. మా అత్తగారు పుణ్యవతమ్మ తలుపు దగ్గరే చెప్పేసింది, సర్పం ఉన్న ఇంట్లో నేను ప్రార్థనకు మోకాళ్లూనను అని. ఆవిడ నాకు చేసిన మేలు ఈ జన్మకు అదొక్కటే.

తేమ ఎంతుందో ఫోన్‌లో చూపించే మీటరు కొన్నాను. ఇవాళ ఆఫీసులో మీటింగ్ జరుగుతుండగా చూస్తే 41. మా మేనేజరు లోహిత్, నాకంటే పదకొండేళ్లు చిన్నవాడు, "కిరణ్ గారూ, మీరేమంటారు?" అన్నాడు.

"నలభై ఒకటి" అన్నాను.

అందరూ నవ్వారు. లోహిత్ నవ్వలేదు. ఏదో రాసుకున్నాడు.

మధ్యాహ్నం మైండ్‌స్పేస్‌లోని ఆఫీసు నుంచి బండి మీద మియాపూర్ ఇంటికి వచ్చి, నీళ్లు చల్లి, తిరిగి వెళ్లాను. గంటా నలభై నిమిషాలు పట్టింది. ఎవరూ అడగలేదు. నేను సీట్లో ఉన్నానా లేదా అని ఇప్పుడు ఎవరూ చూడరు. అదీ మంచి గుర్తు కాదు.

నవంబర్ 17, ఆదివారం

అసలు 1,188. చెప్పింది 1,255.

షారోన్ ఫోన్‌లో ఒక గ్రాఫ్ పెట్టుకుంది. నేను చెప్పిన అంకె వేయగానే గీత పైకి లేచింది. "మంచిగా పెరుగుతోంది కదా డాడీ" అంది. "నేను బాగానే చూసుకుంటానమ్మా" అన్నాను.

చిక్కీకి ఒంట్లో బాగాలేదని తెలిస్తే హన్నా ఊరుకోదు. ఎవరికైనా ఇచ్చేద్దాం అంటుంది. చిక్కీ పోతే షారోన్ ఇక్కడికి ఎందుకు వస్తుంది?

ఈ మాట రాసి చదువుకున్నాను. కొట్టేయాలనిపించింది. ఉండనీ.

నవంబర్ 20, బుధవారం

లచ్చమ్మ రెండేళ్లుగా మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు ఊడుస్తుంది. మొదటి ఆర్నెల్లు ఆ గదిలో అడుగు పెట్టలేదు. ఇప్పుడు చీపురు పట్టుకుని పెట్టె చుట్టూ కూడా ఊడుస్తోంది. ఇవాళ నేను పట్టకారు పట్టుకుని కూర్చుని ఉంటే గుమ్మంలో నిలబడి చూసింది.

"తింటలేదా సారు?"

"లేదు."

"ఎన్ని దినాలాయె?"

"ఏడు వారాలు."

"మీరు పొద్దుగాల చూస్తిరి, ఇప్పుడు చూడవట్టిరి. తీసుడు, ముట్టుడు, పెట్టుడు. అన్నం తినేటప్పుడు ఎవరన్న మొఖం మీదికొచ్చి కూసుంటే నేను గూడ తినను సారు. జర ఇడిసిపెట్టున్రి దాన్ని."

పనిమనిషి కూడా సలహాలిచ్చే స్థితికి వచ్చింది ఈ ఇల్లు. "నీ పని చూసుకో" అన్నాను. చూసుకుంది. వెళ్లేటప్పుడు రోజూ "పోయొస్త సారు" అంటుంది. ఇవాళ అనలేదు.

నవంబర్ 24, ఆదివారం

షారోన్ రాని ఆదివారం. అటక మీద పాత కెమెరా ఒకటి దొరికింది, ఎప్పుడో కొన్నది. పెట్టె పైన బిగించాను. ఇక ఆఫీసులో ఉన్నా చూడొచ్చు. మాటిమాటికీ మూత తీయాల్సిన పని లేదు. లచ్చమ్మ చెప్పిందని కాదు, నాకే తోచింది.

నవంబర్ 26

కెమెరాలో సరిగా కనిపించదు. గూట్లో ఉంటే తల ఎటుందో తెలియదు. ఇవాళ ఎనిమిదిసార్లు మూత తీశాను.

డిసెంబర్ 1, ఆదివారం

అసలు 1,160. చెప్పింది 1,270.

"అద్దాలకు ఇన్ని నీళ్లెందుకు డాడీ?" అని అడిగింది. తేమ కోసమన్నాను. కింద పరిచిన కొబ్బరి పొట్టును వేళ్లతో నొక్కి చూసింది. ఏమీ అనలేదు. వాళ్లమ్మ పోలిక. అనాల్సింది ఉంటే ఆ క్షణాన అనదు, దాచుకుంటుంది.

డిసెంబర్ 5, గురువారం

రోజుకు నాలుగుసార్లు చల్లుతున్నాను. లంచ్‌కు వచ్చి ఒకసారి. మీటరులో 82. ఇప్పుడు బాగుంది. ఇక తింటుంది.

డిసెంబర్ 7

తినలేదు.

డిసెంబర్ 11, బుధవారం

తినలేదు. పదకొండోసారి చిక్కీని పట్టుకుని ఎలుకను నోటికి ఆనించాను. బంతిలా చుట్టుకుని తల లోపల పెట్టేసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. నేను ఏం చేశానని? తినమనడం తప్పా? ఈ ఇంట్లో నేను మంచికోసం అడిగిన ప్రతి మాటా తప్పే అయింది. డ్యూటీ ఎన్నింటికి అయిపోతుందని అడిగితే తప్పు. బస్సు ఎక్కావా అని అడిగితే తప్పు. ఫోన్ ఎత్తకపోతే ఆసుపత్రి వార్డుకు చేసి, సిస్టర్ హన్నా ఉన్నారా అని అడిగితే మహాపాపం. పదిహేడుసార్లు చేశానని ఆమె పెద్దల ముందు చెప్పింది. నేనైతే లెక్కపెట్టలేదు.

డిసెంబర్ 15, ఆదివారం

పొద్దున్నే 1,128. చెప్పింది 1,280.

షారోన్ చిక్కీని మెడ మీద వేసుకుంది. కాసేపు కదలకుండా నిలబడింది. "తేలిగ్గా ఉంది" అంది.

"నువ్వు పెద్దదానివయ్యావు, నీకు అలాగే ఉంటుంది."

"కాటా ఎక్కడ? ఒకసారి చూద్దాం."

"బ్యాటరీ అయిపోయింది. కొనాలి."

బ్యాటరీ నా చొక్కా జేబులో ఉంది. పదిన్నరకు తీసి పెట్టుకున్నాను. నాలుగున్నర గంటలూ అది గుండెకు తగులుతూనే ఉంది.

డిసెంబర్ 25, బుధవారం

క్రిస్మస్. ఆరాధనకు వెళ్లలేదు. వెళ్తే వాళ్లు ముందు వరసలో ఉంటారు, నేను వెనక నిలబడాలి, అందరూ చూడాలి.

షారోన్ మెసేజ్ పెట్టింది, చిక్కీకి కేక్ బదులు ఏం పెట్టావు డాడీ అని. చిక్కీ ఎలుకను మింగుతున్న ఫోటో ఫోన్‌లో పాతది ఉంటే పంపాను. క్రిస్మస్ విందు అని కింద రాశాను. నవ్వుతున్న బొమ్మలు మూడు పంపింది.

పండగ పూట పిల్లను సంతోషపెట్టాను. అంతే.

డిసెంబర్ 29, ఆదివారం

ఇవాళ్టిది రాయడానికి రెండుసార్లు పెన్ను తీసి పెట్టేశాను.

షారోన్ వీపు సంచిలో కాటా తెచ్చింది. కేక్ పిండి తూచడానికి హన్నా వాడేది. చెప్పులు విప్పింది, చేతులు కడుక్కుంది, మామూలుగా అడిగే మాట అడగలేదు. కాటా నేల మీద పెట్టి, దాని మీద డబ్బా పెట్టి, సున్నా చేసి, చిక్కీని అందులోకి దించింది. నేను సోఫాలో కూర్చుని చూస్తున్నాను. లేచి ఆపొచ్చు. ఏమని ఆపను?

"వెయ్యిన్నీ తొంభై" అంది.

నేను సోఫాలో ముందుకు జరిగాను.

"పోయినసారి పన్నెండువందల ఎనభై అన్నావు."

"ఆ కాటాకూ దీనికీ తేడా..."

ఫోన్ తీసి క్రిస్మస్ నాడు నేను పంపిన ఫోటో చూపించింది. "ఫోటోలో ఉన్న ఈ నీలం గిన్నె ఆగస్టులో నా చేతిలోనే పగిలింది డాడీ. ఇది ఏప్రిల్ ఫోటో. నేను తీసిందే."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడిస్తే దగ్గరికి తీసుకుని ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఏడవలేదు. చిక్కీని చెవి దగ్గర పెట్టుకుని వింటోంది.

"ఈల శబ్దం వస్తోంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా. ఎప్పట్నుంచి?"

"నాకు వినపడలేదు."

అది మాత్రం అబద్ధం కాదు. రోజుకు పదిసార్లు తీసి చూసినవాణ్ణి, ఒక్కసారీ వినలేదు.

తిరగేసి పొట్ట చూసింది. అడుగు పొలుసుల మీద గోధుమ రంగు మచ్చలు. తడి పొట్టు మీద నెలరోజులు పడుకున్నందుకు.

"చివరిసారి ఎప్పుడు తిన్నది? నిజం చెప్పు."

"సెప్టెంబర్ ఇరవై తొమ్మిది."

వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకుంది. తర్వాత హన్నాకు ఫోన్ చేసింది. ఒంటిగంటన్నరకే ఆటో ఎక్కి వెళ్లిపోయింది. ఒక గంట ఉంది. రెండు వారాలకు ఒక గంట.

డిసెంబర్ 30, సోమవారం

సెలవు పెట్టి కొండాపూర్‌లో డాక్టర్ ఉదయశ్రీ దగ్గరికి తీసుకెళ్లాను. పక్షులకూ, తాబేళ్లకూ, పాములకూ చూస్తారు. చిన్న గది, నెమ్మదిగా మాట్లాడే మనిషి. పొట్ట చూశారు, నోరు తెరిచి చూశారు, ఛాతీ విన్నారు.

"చలికాలంలో కొన్నాళ్లు తినకపోవడం వీటికి మామూలేనండి. దానికి భయపడక్కర్లేదు. కానీ ఇది తినకపోవడం కాదు, తినలేకపోవడం. పెట్టెలో ఎంత తేమ ఉంచుతున్నారు?"

"ఎనభై."

"గాలి ఆడకుండా ఎనభై పెడితే, కింద తడి, పైన చలి. ఊపిరితిత్తుల్లోకి ఇన్ఫెక్షన్ దిగింది. రోజుకు ఎన్నిసార్లు తెరుస్తారు?"

"ఒకసారి."

ఆవిడ నా వైపు చూసి, కాగితం మీద రాసుకున్నారు. ఏం రాశారో కనిపించలేదు.

గాజు పెట్టె వద్దన్నారు. బయటికి ఏమీ కనిపించని ప్లాస్టిక్ డబ్బా, కింద ఆరిన న్యూస్‌పేపరు, ఒక గూడు, నీళ్లు, వెచ్చదనం. ఇంజెక్షన్‌కు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఎలుకను చూపించను కూడా చూపించొద్దు. మూడు రోజులకొక ఇంజెక్షన్, మొత్తం ఏడు. మొదటిది ఆవిడే ఇచ్చారు. "మిగతావి ఇంట్లో ఇవ్వగలవాళ్లున్నారా?"

"నా భార్య నర్సు" అన్నాను.

ఆ మాట అని ఎన్నాళ్లయిందో.

జనవరి 2, గురువారం

హన్నా వచ్చింది. పద్నాలుగు నెలల తర్వాత.

పొద్దున ఇల్లంతా నేనే తుడిచాను. లచ్చమ్మను మళ్లీ ఒకసారి తుడవమన్నాను. "అమ్మ వస్తదా సారు?" అంది. ఇంజెక్షన్ ఇవ్వడానికని చెప్పాను. "ఎందుకైతేంది, వస్తది గద" అంది. ఆ మాట పట్టుకుని మధ్యాహ్నం దాకా తిరిగాను. కొత్త కప్పులు కడిగి పెట్టాను. ఆమెకు ఇష్టమైన అల్లం టీ పొడి తెచ్చాను.

పొద్దుటి డ్యూటీ అయ్యాక మూడింటికి వచ్చింది. సన్నబడింది, లేదా నేను మర్చిపోయాను. మోచేతుల దాకా చేతులు కడుక్కుని, మందు సిరంజిలోకి తీసుకుంది.

"తల వైపు మీరు పట్టుకోండి. గట్టిగా వద్దు. ఊరికే ఆనించండి చాలు."

ఆనించాను.

"గట్టిగా పట్టుకున్నారు."

"లేదే."

"చిక్కీ చెప్తోంది" అంది. నిజంగానే అది మెలితిరుగుతోంది. వేళ్లు వదులు చేశాను. ఆగిపోయింది. వెన్ను పక్కన కండలోకి సూది ఎప్పుడు దిగిందో, ఎప్పుడు బయటికి వచ్చిందో తెలియలేదు. చాలా నేర్పు ఆమెకు. నేను ఎప్పుడైనా చెప్పానా ఆ మాట?

టీ పెట్టాను. తాగలేదు. బ్యాగు సర్దుకుంటూ పైకి చూసింది.

"ఈ కెమెరా మన హాల్లో ఉండేదే కదా?"

"పాతది. వృథాగా పడి ఉంటే..."

"నేను ఎన్నింటికి వచ్చానో చూడ్డానికి పెట్టింది. నాకు ఒక్కో రోజు లిఫ్ట్ దగ్గరే కాళ్లు ఆగిపోయేవి, ఇప్పుడు తలుపు తీస్తే అది చూస్తుందని." కోపంగా అనలేదు. రోగి ఇంట్లోవాళ్లకు జ్వరం ఎంతుందో చెప్పే గొంతుతో చెప్పింది. "పాము కాబట్టి తిండి మానేసింది. నేను మనిషిని కాబట్టి వెళ్లిపోయాను."

ఆమె వెళ్లాక రెండు కప్పుల టీ నేనే తాగాను. చల్లారిపోయింది. వేడిగా ఉన్నా అంతే.

జనవరి 5, ఆదివారం

ఇంజెక్షన్. షారోన్ కూడా వచ్చింది. నాతో మూడు మాటలు: "జరుగు డాడీ", "లైటు వెయ్యి."

నాలుగు మాటలు.

జనవరి 7, మంగళవారం

డబ్బాలో ఉంటే ఏం తెలుస్తుంది, బతికుందో లేదో. ఊపిరి చూడ్డానికి తెరిచాను. ఆరుసార్లు.

జనవరి 8, బుధవారం

హన్నాకు మధ్యాహ్నం డ్యూటీ, అందుకని పొద్దున తొమ్మిదింటికే వచ్చింది. లచ్చమ్మ గిన్నెలు తోముతోంది.

బరువు 1,064.

"ఎన్నిసార్లు తెరిచారు?"

"తెరవలేదు. డాక్టర్ చెప్పారు కదా."

వంటింట్లో నీళ్ల చప్పుడు ఆగింది. "దినాం ఆరేడు సార్లు తీస్తడమ్మా" అంది లచ్చమ్మ, తల తిప్పకుండానే. "నిన్న నా ముంగటనే రెండుసార్లు తీసిండు. అది పానం కాదా? సారు జీతమిస్తడు, గని దాని ముంగట నేను అబద్ధమాడ."

హన్నా తలూపింది. ఇంజెక్షన్ ఇచ్చింది. తర్వాత బ్యాగులోంచి ఉతికిన దిండు గలీబు తీసింది. అప్పుడు అర్థమైంది, చిక్కీని అందులో తీసుకెళ్లాలని ముందే అనుకుని వచ్చిందని.

"ఎక్కడికి తీసుకెళ్తున్నావు?"

"బోరబండ."

"మీ అమ్మ ఉండనిస్తుందా? పాముంటే మోకాళ్లూననన్న మీ అమ్మ?"

"అమ్మే తెమ్మంది. జబ్బుపడ్డదాన్ని బయట ఉంచి తను లోపల కూర్చుని ఏ ముఖంతో ప్రార్థన చేస్తానంది. వెనక గది ఖాళీ చేయించింది."

నా దగ్గర ఒకటే మిగిలింది. అదీ వాడేశాను. "అటవీశాఖ పోర్టల్‌లో అది నా పేరు మీద నమోదై ఉంది. చట్టప్రకారం నాది."

హన్నా గలీబు మూతి ముడి వేస్తోంది. చేతులు ఆగలేదు. "అయితే ఆ కాగితం మీరు ఉంచుకోండి. పేరు మార్పించే సంగతి నేను కనుక్కుంటాను. అప్పటిదాకా చిక్కీని నేను తీసుకెళ్తాను."

డబ్బా లచ్చమ్మ మోసింది. కింద ఆటో దాకా ఇద్దరూ మాట్లాడుకుంటూ వెళ్లారు. బాల్కనీలోంచి చూశాను. లచ్చమ్మ ఆ సంచిని ముట్టుకుని దణ్ణం పెట్టుకుంది.

లచ్చమ్మ పైకి వచ్చాక రేపట్నుంచి రావద్దన్నాను. "మంచిది సారు" అంది. మిగిలిన రెండు గిన్నెలు తోమి, బోర్లించి వెళ్లింది.

జనవరి 10, శుక్రవారం

ఫోన్ మోగింది. తేమ 34 శాతం, వెంటనే చూడండి అని. గాజు పెట్టెలో మీటరు ఇంకా ఉంది. ఖాళీ పెట్టె గురించి ఇవాళ ఏడుసార్లు చెప్పింది. ఆపే బటను ఎక్కడుందో నాకు తెలుసు.

జనవరి 11, శనివారం

షారోన్ నుంచి మెసేజ్. "డాక్టర్ ఆంటీకి అసలు బరువులన్నీ కావాలట. తారీకులతో. నీ దగ్గర ఉన్నాయా?"

ఉన్నాయి. ఈ పుస్తకంలో ఉన్నాయి. ఒక్కొక్కటీ చూసి టైప్ చేశాను. సెప్టెంబర్ 29 నుంచి జనవరి 8 దాకా. ఎన్నిసార్లు ఎలుకను పెట్టానో, ఎన్నిసార్లు నీళ్లు చల్లానో, ఎన్నిసార్లు తెరిచానో అదీ రాశాను.

"ఇవి నిజమైనవేనా?"

"నిజమైనవే."

రెండు నీలం గీతలు పడ్డాయి. చదివింది. అంతకుమించి ఏమీ రాలేదు.

జనవరి 12, ఆదివారం

రాలేదు.

జనవరి 26, ఆదివారం

రాలేదు. పరీక్షలట. స్కూల్ వెబ్‌సైట్‌లో చూశాను. పరీక్షలే.

ఫిబ్రవరి 1, శనివారం

షారోన్ వీడియో పంపింది. బోరబండ ఇంట్లో వెనక గది. డబ్బా మూత కాస్త పక్కకు జరిపి ఉంది. చీకటిగా ఉంది, ఎవరూ మాట్లాడటం లేదు. చిక్కీ నోటి బయట చిన్న ఎలుక తోక మాత్రం ఉంది, నెమ్మదిగా లోపలికి పోతోంది. చివర్లో పుణ్యవతమ్మ గొంతు, గుసగుసగా, "స్తోత్రం ప్రభువా."

ఇరవై నాలుగు రోజుల్లో తిన్నది. నా దగ్గర వంద రోజులు తినలేదు.

సంతోషించాలి. సంతోషంగానే ఉన్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

షారోన్ వచ్చింది. చూడ్డానికి చిక్కీ లేదు, అయినా వచ్చింది. ఇంట్లో కూర్చుంటే ఇద్దరికీ గాజు పెట్టె కనిపిస్తుందని మియాపూర్ మెట్రో దగ్గర హోటల్‌కు తీసుకెళ్లాను. ఎదురెదురుగా కూర్చున్నాం. అంతకుముందు ఎప్పుడూ పక్కపక్కన కూర్చునేవాళ్లం, ఇద్దరమూ పెట్టె వైపు చూస్తూ.

దోసె తింటూ చెప్పింది, అమ్మమ్మ రోజూ తెల్లారగానే కళ్లద్దాలు పెట్టుకుని మీటరు చదువుతుందట. "అరవై ఉంది, పిల్ల బాగుంది" అని వంటింట్లోకి కేకేస్తుందట. పాము అనదట. పిల్ల అంటుందట. నవ్వింది. నేనూ నవ్వాను. ఒక పది నిమిషాలు అలా బాగానే ఉంది. ఆ పది నిమిషాలు ఎలా వచ్చాయో తెలిస్తే మళ్లీ తెచ్చుకుందును.

వెళ్లేటప్పుడు, "ఇరవై మూడున రాలేను డాడీ, చర్చిలో యూత్ మీటింగ్ ఉంది" అంది.

"సరే" అన్నాను.

ఒక్క క్షణం నిలబడింది, నేను ఇంకేదో అడుగుతానన్నట్టు. ఎన్నింటికి, ఎంతసేపు, ఎవరెవరు అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఇవాళ అడగలేదు. రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 10, సోమవారం

చర్చి ఆఫీసుకు ఫోన్ చేశాను. ఊరికే. పాస్టర్ సైమన్ గారే ఎత్తారు. ఇరవై మూడున యూత్ మీటింగ్ ఏమైనా ఉందా అండీ అని అడిగాను.

"ఉంది బ్రదర్. మొదటి పాట మన షారోనే పాడుతోంది. నెల రోజులుగా సాధన చేస్తోంది కదా. మీకు చెప్పలేదా?"

"చెప్పింది" అన్నాను.

"మీరూ రండి మరి" అన్నారు.

 నిన్న షారోన్ ఆ క్షణం నిలబడింది అందుకేనేమో. ఏం మీటింగ్ అమ్మా అని మామూలుగా అడిగి ఉంటే చెప్పేది. నా కూతురు పాడుతుందని నాకు తెలియదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

స్కూల్ వదిలే వేళకు మెసేజ్ వచ్చింది.

"డాడీ, మీరు ఫోన్ చేశారని పాస్టర్ అంకుల్ చెప్పారు. నన్ను అడిగితే చెప్పేదాన్ని."

మీరు అని రాసింది. మొన్నటిదాకా నువ్వు.

తెలుసుకుందామని చేశాను అని టైప్ చేశాను. తుడిచేశాను. నీ పాట వినడానికి వస్తాను అని టైప్ చేశాను. రమ్మని పిలిచింది పాస్టరు, ఆమె కాదు. తుడిచేశాను. క్షమించు అని రాశాను. ఆ మాట హన్నాకు చాలాసార్లు రాశాను, దాని విలువ ఇంట్లో అందరికీ తెలుసు. అదీ తుడిచేశాను.

చివరికి, "చిక్కీ బరువు ఎంత?" అని పంపాను.

ఇరవై నిమిషాలకు జవాబు వచ్చింది. 1,104. అంతే, ఇంకేమీ లేదు.

అది అసలు అంకో, నా కోసం వేసిన అంకో తేల్చుకునే దారి నాకు లేదు. బోరబండలో కాటా నా చేతిలో లేదు, కెమెరా లేదు, ఫోన్ చేసి అడగడానికి ఎవరూ లేరు.

1,104 అని రాసుకున్నాను.